ఆ దీవి అడవిలో మా అత్తగారి మాట

దెయ్యం కథలు చెప్పేవాళ్ళకి నేనంటే పడదు. ఎవరైనా "మా బాబాయికి నిజంగా జరిగింది" అని మొదలుపెట్టగానే, అప్పుడు కరెంటు ఉందా, మీ బాబాయి కళ్ళజోడు పెట్టుకున్నాడా, ఆ పూట ఏమైనా పుచ్చుకున్నాడా అని అడిగే రకాన్ని. పార్టీల్లో కథ సగంలో ఉండగానే నా మొహం చూసి మానేసినవాళ్ళున్నారు. "నువ్వుంటే దెయ్యాలు కూడా మొహమాటపడతాయి" అని మా ఆయన రవి వెక్కిరించేవాడు. ఆ మాటకి నేను లోలోపల పొంగిపోయేదాన్ని.

అలాంటి నేను ఇది రాస్తున్నాను. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగినదానికి నాకు భయం కూడా వెయ్యలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

మేముండేది అమెరికాలో, రెడ్‌మండ్‌లో. మా వాళ్ళందరూ ఇక్కడ సాఫ్ట్‌వేర్ అయితే, నా ఉద్యోగం మాత్రం వినడం. పసిఫిక్‌లో అమెరికా కిందే ఉన్న ఒక చిన్న దీవి మీద మా టీమ్ పరిశోధన చేస్తుంది. ఆ దీవి పేరు ఇక్కడ రాయను. అక్కడి అడవుల్లో ఎన్ని రకాల పిట్టలూ కప్పలూ పురుగులూ మిగిలాయో, ఆ పక్క ఊళ్ళలో జ్వరాలు ఎంతగా ఉన్నాయో కలిపి చూడటం మా పని. అడవిలో రకరకాల ప్రాణులుంటే ఊరి ఆరోగ్యం నిజంగా బాగుంటుందా, లేక అది మనకి నచ్చింది కాబట్టి నమ్ముతున్నామా అన్నది మేము తేల్చాల్సిన ప్రశ్న.

అందుకని అడవిలో చెట్లకి టిఫిన్ బాక్సంత రికార్డర్ పెట్టెలు కడతారు. అవి రోజూ తెల్లవారుజామున చప్పుళ్ళన్నీ పట్టుకుంటాయి. ఆ రికార్డింగులు నా దగ్గరికి వస్తాయి. సాఫ్ట్‌వేర్ ముందు జల్లెడ పడుతుంది, దానికి అర్థం కాని కూతల్ని నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటాను. ఆ దీవిలో ఎప్పుడూ కాలు పెట్టలేదు గానీ, అక్కడ వాన ఏ ఆకు మీద పడితే ఎలా వినిపిస్తుందో చెప్పగలను. అలా చెప్పగలనని నాకు కాస్త గీర కూడా ఉండేది.

మా టీమ్‌లో మరియా అనే ఆవిడ ఉంది. పుట్టింది ఆ దీవిలోనే. డాక్టరీ చదివి, పిల్లల జ్వరాలకి మందులిచ్చి ఇచ్చి, అసలీ జ్వరాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూద్దామని ఇటు వచ్చింది. వాళ్ళ ఊరికి పైన ఒక లోయ ఉంది. ఊరికి నీళ్ళొచ్చే వాగు ఆ లోయలోదే. ఆ లోయ గుండా రోడ్డు వెయ్యాలని అక్కడి ప్రభుత్వంవాళ్ళు అనుకుంటున్నారు. చెట్లు కొట్టేస్తే వాగు నీళ్ళు ఎక్కడికక్కడ నిలిచిపోతాయని, వానాకాలంలో ఇప్పటికే సగం మంది పిల్లలు మంచాన పడుతున్నారని, దోమలు ఇంకా పెరిగితే ఊరు తట్టుకోలేదని మరియా బాధ. కానీ బాధని ఎవరూ సాక్ష్యంగా తీసుకోరు కదా.

ఆ లోయలో ఒకప్పుడు ఒక బూడిదరంగు పిట్ట ఉండేదట. బయటినుంచి పాములూ ఎలుకలూ వచ్చిపడ్డాక అది కనబడకుండా పోయింది. దాని కూత ఎక్కడా రికార్డు కాలేదు. విన్నవాళ్ళలో మిగిలింది మరియా వాళ్ళమ్మ ఒక్కతే. మూడు స్వరాలట, చివరిది పైకి లేస్తుందట. అడవిలోకి వెళ్ళేవాళ్ళని ఏదో అడుగుతున్నట్టు ఉండేదట. ఆ పిట్ట ఇంకా ఉందని తేలితే చట్టం ప్రకారం రోడ్డు ఆగుతుంది.

ఇక మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడది కోనసీమ. మా దగ్గరికి వచ్చి ఉంటున్నారు. నేను బయల్దేరేటప్పుడు రోజూ గుమ్మం దాకా వచ్చి ఒక మాట అడిగేవారు. బయటికెళ్ళేవాళ్ళని ఎక్కడికి అని అడక్కూడదు, పని చెడుతుందంటారు, దూరమా అనాలి. మనం రాసేది దూరమా అని గానీ ఆవిడ అనేది "దూరవాఁ" అని. ముక్కులోంచి కాస్త సాగదీసి, చివర పైకెత్తి. థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక ఆవిడ గొంతు మధ్యలో చీలుతుంది, ఒక మాట రెండు గొంతుల్లో వచ్చినట్టు ఉంటుంది. నేను చెప్పులేసుకుంటూ ఆఁ ఊఁ అనేదాన్ని. ఆఫీసుకే అని ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు.

ఒకరోజు ఆఫీసు మీటింగులో ఉండగానే, ఫోన్ చెవిలో పెట్టుకుని బయల్దేరుతున్నాను. ఆవిడ అలవాటుగా అడిగారు. అది మీటింగులో అందరికీ వినబడింది. మీ ఇంట్లో ఏదో పిట్ట ఉన్నట్టుందే అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. పొద్దస్తమానం పిట్టలు వినేవాళ్ళు, సరదాకే అన్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఫోన్ పెట్టేసి, ఇంక రోజూ అలా అడక్కండి అత్తయ్యగారూ అని చెప్పాను. గట్టిగా అనలేదు, కానీ మెత్తగానూ అనలేదు. ఆవిడ సరేనన్నారు. ఆ మర్నాటి నుంచి సోఫాలోంచే చెయ్యి ఊపేవారు. నాకు హాయిగా అనిపించింది కూడా.

ఆ తర్వాత వానాకాలపు రికార్డింగులు వచ్చాయి. మరియా వాళ్ళ లోయలో కట్టిన పెట్టెలో ఒక కూత ఉంది, ఇది ఏ పిట్టో తెలియదని సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టింది. ఆ రోజు నేను సెలవు. అందరూ నాకంటే ముందే విన్నారు. మూడు స్వరాలు, చివరిది పైకి. మర్నాడు నేను ల్యాబ్‌కి వెళ్ళేసరికి పండగలా ఉంది. ఎప్పుడూ నవ్వని మా టీమ్ హెడ్ స్వయంగా కేక్ కోస్తున్నాడు. మరియా కళ్ళు వాచి ఉన్నాయి. హెడ్‌ఫోన్స్ తెచ్చి తనే నా చెవులకి పెట్టింది.

వాన వెలిసిన ఆకుల చప్పుడు, దూరంగా వాగు, పురుగుల రొద. తర్వాత "దూరవాఁ".

మా అత్తగారి గొంతు. అలా ఉందని కాదు, ఆవిడదే. నా మొహంలో ఏం కనబడిందో గానీ, మరియా నన్ను పట్టుకుని ఏడ్చేసింది. నేనూ ఆనందంతో మాట రాక నిలబడ్డానని అనుకుంది. ఆమె వీపు నిమిరాను. ఏమీ చెప్పలేదు.

చెప్పడానికేముంది? మీరు ఇన్నేళ్ళుగా వెతుకుతున్న పిట్ట మా అత్తగారు అని చెప్పాలా? ఆ క్షణం నా బుర్రలో ఒకే ఒక్క దారి కనబడింది. అంతకుముందు కొన్ని పెట్టెల్ని దీవికి పంపేముందు మా గరాజ్‌లో పెట్టి పరీక్షించాను. గరాజ్ తలుపు ఇంట్లోకే ఉంటుంది. ఆవిడ మాట అప్పుడు పడి ఉంటుంది, నేను సరిగా చెరపలేదు, అది ఈ రికార్డింగులో కలిసిపోయింది. అంటే ఇది నా నిర్లక్ష్యం. కక్కలేక మింగలేక కొన్నాళ్ళు తిరిగాను. ఈలోపు లోయలో ఆ పిట్ట ఉండవచ్చు, రోడ్డు ఆపండి అని మా టీమ్ దీవి ప్రభుత్వానికి ఉత్తరం రాసేసింది. ఆ కూత వాళ్ళమ్మకి స్వయంగా వినిపిస్తానని మరియా విమానమెక్కింది.

నేను ఊరికే కూర్చోలేదు. ఒక సాయంత్రం అత్తగారి దగ్గరికి వెళ్ళి, ఆ మాట ఒకసారి ఈ ఫోన్‌లో అనండి అని అడిగాను. ఆవిడ నా వైపు చూసి, "అడగొద్దన్నావు కదమ్మా" అన్నారు. ఆఫీసు పనికి అన్నాను. కొంగు సర్దుకుని, ఫోటోకి కూర్చున్నట్టు కూర్చుని, అన్నారు. మర్నాడు నేను బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చారు. నేను మళ్ళీ అడగనిచ్చానని అనుకున్నట్టున్నారు. నా తొందర చూసి, ఏమీ అనకుండా వెనక్కి వెళ్ళిపోయారు.

శబ్దాన్ని బొమ్మగా గీసి చూపించే సాఫ్ట్‌వేర్ మా దగ్గర ఉంటుంది. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టాను. గొంతు చీలే చోట గీత రెండుగా విడిపోతుంది. అక్కడా అంతే, ఇక్కడా అంతే. ముక్కులోంచి సాగే ఆ చివరి అక్షరం కూడా అంతే. ఏ పిట్టకీ థైరాయిడ్ ఆపరేషన్ అవదు కదా అని నాలో నేనే నవ్వుకున్నాను.

ఒక్కటి మాత్రం నేను చూసీ చూడనట్టు వదిలేశాను. ఆ మాటకి కాస్త ముందు పురుగుల రొద ఆగిపోయింది. మాట అయ్యాక ఒకటొకటిగా మళ్ళీ మొదలైంది. అడవిలో మనిషి నడిచొస్తే పురుగులు అలాగే ఆగుతాయి. నా ఉద్యోగంలో మొదట నేర్చుకునేదే అది. గరాజ్‌లో పడ్డ మాట వల్ల దీవిలో పురుగులు నోరు మూసుకోవు. నాకది తెలుసు. గాలి మారిందేమో అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

దీవిలో రోడ్డు మీటింగు దగ్గరపడింది. మన మాట మీద నిలబడగలమా అని టీమ్ హెడ్ అందర్నీ కూర్చోబెట్టి అడిగాడు. అప్పుడు లేచి చెప్పేశాను. బొమ్మలు చూపించాను. అది మా అత్తగారి గొంతని, పరీక్షలో పడిందని, తప్పు నాదని చెప్పాను. ఎవరో ఆపుకోలేక నవ్వారు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ముందుగా మనమే నవ్వితే ఎదుటివాళ్ళ నవ్వు తగలదని ఈ దేశం వచ్చిన కొత్తలో నేర్చుకున్న విద్య అది.

టీమ్ హెడ్ నవ్వలేదు. ఖచ్చితంగా చెప్తున్నావా అని అడిగాడు. ఖచ్చితంగా అన్నాను.

ఆ సాయంత్రమే ఉత్తరం వెనక్కి తీసుకున్నారు.

మరియా అప్పటికింకా వాళ్ళ ఊరు చేరలేదు. వానలకి దారి తెగి పట్నంలో ఆగిపోయింది. చేరాక నాకు ఫోన్ చేసింది. వెనకాల వాన చప్పుడు, పిల్లల ఏడుపులు వినబడుతున్నాయి. వాళ్ళమ్మకి వినిపించానని చెప్పింది. ఆ ముసలావిడ ఒక్కసారి విని, అదే పిట్ట అని, మళ్ళీ పెట్టమని, మళ్ళీ మళ్ళీ పెట్టించుకుందట. అంతా చెప్పి, నేను మాట్లాడకపోయేసరికి ఏమైందని అడిగింది. ఉత్తరం సంగతి తనకింకా ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. గరాజ్ అన్నాను, పరీక్ష అన్నాను, అత్తగారు అన్నాను.

మరియా అంతా వింది. తర్వాత మెల్లగా అంది.

"ఆ పెట్టె మీ ఇంటికెప్పుడొచ్చింది? అది మా క్లినిక్ వాళ్ళు ఇక్కడే కొన్నారు. నేనే చెట్టుకి కట్టాను. దాని మెమరీ కార్డు కూడా దానితో వచ్చిందే. అది ఈ దీవి దాటలేదు."

ఏ పెట్టె అని నేను ఎవరినీ అడగలేదు. అడగడానికి నిమిషం పట్టేది కాదు. కథ చెప్పేవాళ్ళ బాబాయి కళ్ళజోడు సంగతి అడిగినదాన్ని, ఈ ఒక్క ప్రశ్న అడగలేకపోయాను. అడిగితే ఆ విషయం ఇంకా నలుగుతుంది, మా అత్తగారి మాట ఇంకో నలుగురి నోళ్ళలో పడుతుంది. త్వరగా ఒప్పేసుకుని బయటపడాలనుకున్నాను. అందరూ నా నిజాయితీని మెచ్చుకున్నారు కూడా.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే అత్తగారి పక్కన కూర్చుని ఆ రికార్డింగు వినిపించాను. ఏమిటో చెప్పలేదు. ఆవిడ ఇయర్‌ఫోన్ చేత్తో అదిమిపట్టుకుని విన్నారు. ముందు వాన బాగా పడుతోందే అన్నారు. తర్వాత తలెత్తి నా వైపు చూశారు. సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు ఉంది ఆ చూపు.

"నేను కాదమ్మా. నువ్వు వద్దన్నాక నేనెప్పుడూ అడగలేదు. ఒట్టు" అన్నారు.

అది ఆవిడ గొంతు కాదని ఆవిడ అనలేదు. తను అడగలేదని అన్నారు. తప్పు చేసిన పిల్లలా ఒట్టేస్తున్న ఆ పెద్దావిణ్ణి చూసి నాకు ఏడుపొచ్చింది. మీ తప్పేం లేదు అత్తయ్యగారూ, ఇక నుంచి అడగండి అన్నాను. అలాగేలే అన్నారు. కానీ అడగరు. ఒకసారి నోరు మూయించాక అడగమన్నా ఆ మాట రాదేమో.

రికార్డింగు మీదున్న తేదీ చూశాను. పెట్టెల గడియారాలు ఒక్కోసారి తప్పుతాయని అంతకుముందు దాన్ని పట్టించుకోలేదు. మరియా కట్టిన పెట్టె గడియారం సరిగ్గానే ఉంది. ఆ తెల్లవారుజాము, ఆవిడ నన్ను అడగడం మానేసిన తర్వాతదే. అంతకు ముందుది కాదు.

మా టీమ్ హెడ్‌కి అంతా రాశాను. పెట్టె సంగతి, పురుగుల సంగతి కూడా. ఆయన మంచివాడు. తిట్టలేదు. కానీ ఒకసారి మనిషి గొంతని రాతపూర్వకంగా చెప్పినదాన్ని మళ్ళీ పిట్టంటే ఎవరు నమ్ముతారన్నాడు. పైగా అది పిట్టేనని నువ్వు చెప్పగలవా అని అడిగాడు. చెప్పలేను. పిట్టయితే మా అత్తగారి గొంతు చీలిక దానికి ఎలా వస్తుంది? ఆవిడే అయితే సముద్రం అవతల ఆ చెట్టు దగ్గరికి ఎలా వెళ్ళారు?

అదంతా నా చెవి భ్రమ, తెలుగు చెవికి తెలుగే వినిపిస్తుంది అన్నాడు రవి. నేనూ అలాగే అనుకుందామని చూశాను. ఆ బొమ్మలు గీసింది నా చెవి కాదు, కంప్యూటర్. దానికి తెలుగు రాదు.

రోడ్డు వేశారు. ఆ లోయ నుంచి నాకు ఇప్పటికీ రికార్డింగులు వస్తాయి. పెట్టెని ఇంకో చెట్టుకి మార్చారు. ఆ కూత మళ్ళీ రాలేదు. దోమల రొద మాత్రం బాగా పెరిగింది. ఊళ్ళో జ్వరాలు ఎక్కువయ్యాయని మరియా అంటుంది. రోడ్డు వల్లనే అని తేల్చడానికి డేటా ఇంకా చాలదని రిపోర్టులో రాసేది నేనే. అది సరైన వాక్యమే. రాసిన ప్రతిసారీ చెయ్యి ఆగుతుంది. పోయిన వానల్లో మరియా మేనకోడలు జ్వరంతో హాస్పిటల్‌లో ఉంది. ఇప్పుడు లేచి తిరుగుతోందట.

మరియా తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం నా టేబుల్ దగ్గర కూర్చుంది. తిడుతుందేమోనని చూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆ కూతకి మీ భాషలో అర్థమేమిటని అడిగింది. చెప్పాను. బయల్దేరేవాళ్ళకి కీడు జరక్కూడదని అలా అడుగుతామని కూడా చెప్పాను.

"అది ఒక మాట అని నువ్వు మొదటి రోజే చెప్పి ఉంటే నేను నవ్వేదాన్ని కాదు. ఎవరు, ఎవర్ని అడుగుతున్నారో కనుక్కుందాం పద అనేదాన్ని" అంది.



ఇది రాసేముందు ఆ రికార్డింగు ఇంకోసారి విన్నాను. మరియా వాళ్ళమ్మ అది పిట్టేనంటుంది. మా అత్తగారు తాను అడగలేదంటారు. కంప్యూటర్ బొమ్మ మాత్రం ఆవిడే అంటుంది. ముగ్గురిలో అబద్ధం చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఎవరు నిజమో నాకు తెలియదు, ఎలా తెలుసుకోవాలో కూడా తెలియదు. తెలియదు అన్న ఆ మాటే ఆ రోజు మీటింగులో చెప్పి ఉంటే సరిపోయేది. నేను ఖచ్చితంగా అన్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ హెడ్‌ఫోన్స్ కింద నా చెవులు కాలిపోతాయి.